డీవీడీ డ్రైవ్ కనిపించకపోతే
డీవీడీలు బర్న్ చేసే రైటింగ్ సాఫ్ట్‌వేర్ తీసేశాక ‘దిస్ పీసీ’లో డ్రైవ్ మాయమైంది, ట్రే మాత్రం తెరుచుకుంటోంది అన్నారు కదండీ. ట్రే కదిలిందంటే కరెంటు అందుతున్నట్టే. డేటా కేబుల్ సంగతి దాన్నిబట్టి చెప్పలేం. ముందు బయోస్‌లో, అంటే విండోస్ మొదలవక ముందే తెరిచే సెట్టింగుల్లో, డ్రైవ్ పేరు ఉందేమో చూడండి. అక్కడా లేకపోతే సాటా కేబుల్ (అదే ఆ డేటా కేబుల్) మార్చండి.

బయోస్‌లో ఉండి, డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తుతో కోడ్ 19 గానీ 39 గానీ వస్తే, ఆ సాఫ్ట్‌వేర్ వదిలేసిన ఫిల్టర్లదే (డ్రైవ్‌కు తగిలించిన అదనపు డ్రైవర్లదే) తంటా అయ్యుంటుంది. విండోస్ రిజిస్ట్రీ సెట్టింగులు మార్చే రెజ్‌ఎడిట్ తెరిచి హెచ్‌కీ లోకల్ మెషీన్, సిస్టమ్, కరెంట్ కంట్రోల్ సెట్, కంట్రోల్, క్లాస్ వరకూ వెళ్లండి. 4డి36ఈ965తో మొదలయ్యే కీని ముందు బ్యాకప్‌గా ఎక్స్‌పోర్ట్ చేసుకుని, అందులోని అప్పర్ ఫిల్టర్స్, లోయర్ ఫిల్టర్స్ తీసేసి రీస్టార్ట్ చేయండి. అంకె జాగ్రత్త! 965 బదులు 967 ఉన్న కీ హార్డ్ డిస్క్‌ది, అక్కడ చెరిపితే విండోస్ లేవకపోవచ్చు.