పాఠకుల ప్రశ్నలు: కీళడి తేదీ ఏ నమూనాది?

ప్రశ్న: మా అబ్బాయిని బడివాళ్ళు మదురై దగ్గర పాత ఊరు తవ్వి తీసిన కీళడిలోని మ్యూజియానికి తీసుకెళ్ళారు. అక్కడి ఊరు 2600 ఏళ్ళనాటిదని వాడంటాడు. కేంద్రం ఒప్పుకోవటం లేదని టీవీలో విన్నాను. తేదీ అనేది సైన్సు కదండీ, అందులో ప్రభుత్వాల గొడవేమిటి?
– ఒక పాఠకురాలు, వేళచ్చేరి, చెన్నై

జవాబు: తేదీ చెప్పేది ల్యాబే. కానీ ల్యాబుకి ఏ ముక్క పంపాలో, వచ్చిన అంకెని ఎప్పుడు, ఏ మాటలతో బయటపెట్టాలో ప్రభుత్వ శాఖలే తేలుస్తాయి. గొడవ పుట్టేది అక్కడ.

మీ అబ్బాయి చెప్పిన లెక్క తమిళనాడు పురావస్తు శాఖ 2019లో విడుదల చేసిన నివేదికలోది. ఆరు నమూనాలు అమెరికాలోని బీటా అనలిటిక్ ల్యాబుకి వెళ్ళాయి. వాటిలో 353 సెంటీమీటర్ల లోతున దొరికినదానికి క్రీ.పూ. 580 అని వచ్చింది. ఒక్క నమూనా. పైగా ఆ కాలంతోనే ఒక చిక్కుంది. సుమారు క్రీ.పూ. 800–400 మధ్య గాలిలో కార్బన్-14 (ప్రాణమున్నవాటిలోకి చేరి, అవి చనిపోయాక క్రమంగా తరిగిపోయే కార్బన్, మిగిలినదాన్ని కొలిచి వయసు కడతారు) పాలు మారిన తీరు వల్ల, ఆ నాలుగు వందల ఏళ్ళలో ఎప్పటి వస్తువైనా పరీక్షలో ఇంచుమించు ఒకే వయసు చూపిస్తుంది. అందుకే ల్యాబు ఒక్క సంవత్సరం చెప్పదు. ఇక్కణ్ణుంచి ఇక్కడిదాకా అంటుంది, ఆ వెడల్పు ఒక్కోసారి రెండు మూడు వందల ఏళ్ళు. పేపర్లోకి వచ్చేసరికి వెడల్పు పోయి ఒక్క అంకె మిగులుతుంది.

పరీక్షకి పంపింది బొగ్గయితే ఇంకో ఇబ్బంది. అది చెప్పేది చెట్టు వయసు, పొయ్యి వెలిగించిన రోజు కాదు. ముదురు చేవ కాల్చి ఉంటే అసలుకంటే వందేళ్ళో అంతకంటే ఎక్కువో పాతదిగా తేలుతుంది. వరి గింజతో ఆ తేడా రాదు, అది ఒక్క పంటలోది. ఎలుక బొరియల్లోంచి, పాత గోతుల్లోంచి పై పొర బొగ్గు కిందికి జారటమూ మామూలే. కీళడిలో దొరికిన కుండ పెంకు మీది తమిళ బ్రాహ్మీ (తమిళం రాసిన పాత లిపి) అక్షరాలకి ఆ తేదీ ఇవ్వాలంటే, పెంకూ నమూనా రెండూ చెదరని ఒకే పొరలో ఉన్నట్టు చూపించాలి.

ఇక రాజకీయం. కీళడిలో మొదట తవ్వింది కేంద్ర పురావస్తు శాఖే, 2014–15 నుంచి, అమర్‌నాథ్ రామకృష్ణ ఆధ్వర్యంలో. 2017లో ఆయన్ని అస్సాంకి బదిలీ చేశారు. తర్వాత తవ్వకం రాష్ట్రం చేతికి వచ్చింది. ఆయన 2023 జనవరిలో 982 పేజీల నివేదిక ఇస్తే, 2025లో సవరించి ఇమ్మన్నారు, ఆయన కుదరదన్నారు. అడుగు పొరల కాలానికి ఇంకా రుజువు కావాలనటంలో తప్పు లేదు, ఏ తవ్వకాన్నైనా అలాగే నిలదీయాలి. రెండేళ్ళకు పైగా అచ్చు వేయకుండా అట్టే పెట్టటమే తప్పు. నివేదికా అభ్యంతరాలూ పక్కపక్కనే అచ్చయితే చదివేవాళ్ళు తేల్చుకునేవారు. రాష్ట్రం వైపు చూస్తే, తమిళనాడులోనే మరో తవ్వకం చోటైన శివగళైలో దొరికిన ఇనుముకి క్రీ.పూ. 3345 అన్న తేదీని 2025 జనవరిలో ముఖ్యమంత్రే ప్రకటించారు. ఆ నోట వచ్చాక, ఆ శాఖలో పనిచేసేవారు "ఇంకా చూడాలి" అనటం ఎంత కష్టం!

మన భట్టిప్రోలుకీ మినహాయింపు లేదు. 1892లో అలెగ్జాండర్ రీ బయటికి తీసిన ధాతు పేటికల (బౌద్ధ స్తూపంలో అవశేషాలు దాచిన పెట్టెల) మీది లిపి అశోకుడికంటే ముందుదని మనలో కొందరు గర్వంగా అంటారు. ఆ కాలం అక్షరాల రూపాన్ని బట్టి వేసిన అంచనా, పండితులకి అందులో ఏకాభిప్రాయం లేదు.

ప్రశ్న: ఎగ్మోర్ మ్యూజియంలో అమరావతి ఫలకాలు చూశాం. వాటికి కార్బన్ పరీక్ష చేయించకూడదా?
– ఒక పాఠకుడు, అంబత్తూరు

జవాబు: రాతికి ఆ పరీక్ష కుదరదండీ. రాయి పడి ఉన్న పొరలోని బొగ్గుకో గింజకో చెయ్యాలి. స్తూపం దగ్గర ఆ పొరలు చాలావరకు పోయాయి. 1797లో ఈస్టిండియా కంపెనీ సర్వేయరు మెకంజీ వెళ్ళేసరికే జమీందారు కొత్త కట్టడాలకి దిబ్బలో రాళ్ళు తీయిస్తున్నారు. 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించిన ఫలకాలు మద్రాసు చేరాయి. వాటిలో చాలావాటిని 1859లో లండన్ పంపారు. 1880లో మద్రాసు గవర్నరు బకింగ్‌హామ్ డ్యూక్ దిబ్బనంతా తవ్వి తీయమన్నాడు. చివరికి మిగిలింది గొయ్యి. ఏ ఫలకం ఏ పొరలో, దేని పక్కన ఉందో రాసిపెట్టిన లెక్క లేదు. కాబట్టి ఫలకం కింద శతాబ్దం రాసి ఉంటే, దాన్ని లిపీ శిల్పశైలీ చూసి కట్టిన లెక్కగానే చదువుకోండి.