మబ్బును చూసి వరదను చెప్పగలమా?

ప్రశ్న: మేఘాల రకాలను గుర్తించడం నేర్చుకుంటే, అధికారిక హెచ్చరిక వెలువడక ముందే నదికి వరద రాకను పసిగట్టవచ్చా?

జవాబు: వానను కొంతవరకు పసిగట్టవచ్చు గాని, నది వరదను పసిగట్టడం కష్టం. 1802లో ల్యూక్ హోవర్డ్ అనే ఆంగ్లేయుడు ప్రతిపాదించిన లాటిన్ పేర్లే నేటి మేఘాల వర్గీకరణకు పునాది. నేటి మేఘ రకాలలో మీ ప్రశ్నకు ముఖ్యమైనవి రెండే. పైభాగం కమ్మరి దాగలిలా పరచుకొని, తరచుగా 10 కిలోమీటర్లకు మించిన ఎత్తుకు పెరిగే క్యుములోనింబస్ మేఘం కొద్దిసేపట్లోనే కుండపోతగా కురిసి చిన్న వాగులను ఉన్నట్టుండి పొంగిస్తుంది. సూర్యుణ్ణి పూర్తిగా కప్పివేసే బూడిదరంగు నింబోస్ట్రాటస్ పొర విశాలమైన ప్రాంతంపై గంటల తరబడి కురిసి నేలను నానబెడుతుంది. ఆపై పడిన వాన ఇంకే చోటు లేక నదిలోకే చేరుతుంది. చూడడానికి భయం గొలపదు కనుక జనం తేలికగా తీసుకునేది దీన్నే.

పెద్ద నది పొంగేది చాలావరకు ఎగువన ఎప్పుడో కురిసిన వానతో. ఆ నీరు దిగువకు చేరడానికి గంటలు, ఒక్కోసారి రోజులు పడుతుంది. అందుకే ఎగువ కేంద్రాలలోని నీటిమట్టం, పరీవాహక ప్రాంతంలోని వర్షపాతం, జలాశయాల నుంచి వదిలే నీరు చూసి హెచ్చరికలు జారీ చేస్తారు. ఆకాశం నిర్మలంగా ఉన్నా వాటిని పాటించాలి. వాగుల దగ్గర మాత్రం హెచ్చరిక అందేలోపే నీరు రావచ్చు కనుక, ఎగువ దిక్కున క్యుములోనింబస్ కనిపించినప్పుడే ఎత్తైన చోటికి చేరడం మంచిది.