రెండు ల్యాబుల ఇంపాక్ట్ రిజల్ట్ ఎందుకు కలవట్లేదు

అన్నా, పేలుడు పదార్థం మీద బరువు పడేసి ఎంత దెబ్బకి పేలుతుందో చూసే ఇంపాక్ట్ టెస్టుకి, మీ రిపోర్టులో 5 కిలోల బరువుతో 50 సెంటీమీటర్ల ఎత్తు అని ఉంది, జర్మనీ బయ్యర్ ల్యాబ్ మాత్రం 10 జౌల్స్ అంటోంది, ఏది తప్పు అని అడిగారు కదా. రెండూ సరైనవే కావచ్చు. మీ 50 సెంటీమీటర్లంటే దాదాపు 25 జౌల్స్, కానీ అది బహుశా సగం సార్లు పేలే ఎత్తు, వాళ్ళది మాత్రం ఆరు ట్రయల్స్‌లో కనీసం ఒక్కసారి పేలిన అతి తక్కువ ఎనర్జీ, అది తక్కువే వస్తుంది. రెండిటినీ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు.

ఈ గొడవ తీర్చడానికే జెనీవాలో చాలా దేశాల నిపుణులు కూర్చుని, ప్రమాదకర సరుకుల్ని ఎలా పరీక్షించాలో చెప్పే ఐక్యరాజ్యసమితి టెస్ట్ మాన్యువల్‌ని ఎప్పటికప్పుడు సవరిస్తుంటాయి. దాని ప్రకారం బామ్ ఫాల్‌హ్యామర్ (బరువును పైనుంచి పడేసే యంత్రం) టెస్టులో 2 జౌల్స్ లేదా అంతకంటే తక్కువకే పేలితే ఆ రూపంలో రవాణాకి పనికిరాదు, ఫ్రిక్షన్ (రాపిడి) టెస్టులో 80 న్యూటన్ల లోపు బలానికే పేలినా అంతే. కాబట్టి మీ ల్యాబ్‌ని అదే మాన్యువల్ ప్రకారం మళ్ళీ చేయమనండి, శాంపిల్ 40 క్యూబిక్ మిల్లీమీటర్లు, జల్లెడ సైజు, తేమ అన్నీ రిపోర్టులో రాయించండి. ఫ్రిక్షన్‌లో పింగాణీ ప్లేటు మీద ఒకసారి రుద్దిన చోట మళ్ళీ వాడకూడదు, ఇది చాలామంది పట్టించుకోరు, దయచేసి దగ్గరుండి చూడండి, ఆ సరుకు మోసేది మనుషులే.