క్యాన్వాస్‌పై ఫాంట్ ఆలస్యంగా మారడం, బోల్డ్ రాకపోవడం

పేజీ తెరవగానే క్యాన్వాస్‌పై (వెబ్ పేజీలో కోడ్‌తో బొమ్మలు, అక్షరాలు గీసే చోటు) అక్షరాలు వేరే ఫాంట్‌లో వస్తున్నాయనీ, మళ్లీ గీస్తే సరిపోతున్నాయనీ, శీర్షిక మాత్రం ఎప్పుడూ బోల్డ్‌లో రావడం లేదనీ మీరు రాశారు. ఇవి రెండు వేర్వేరు సమస్యలు.

మొదటిదానికి కారణం: వెబ్ ఫాంట్ (పేజీతో పాటు నెట్ నుంచి వచ్చే ఫాంట్) డౌన్‌లోడ్ పూర్తి కాకముందే మీ కోడ్ గీయడం ముగిస్తోంది. పేజీలోని మామూలు పాఠ్యాన్నయితే ఫాంట్ రాగానే బ్రౌజరే మార్చి చూపిస్తుంది గానీ, క్యాన్వాస్‌పై పడినవి ఉత్త పిక్సెళ్లే కాబట్టి వాటిని మనమే మళ్లీ గీయాలి. అందువల్ల డాక్యుమెంట్ డాట్ ఫాంట్స్‌లోని లోడ్ ఫంక్షన్‌కు మీ ఫాంట్ స్ట్రింగ్‌నే (ఫాంట్ పరిమాణం, పేరు ఉన్న పాఠ్యం) ఇచ్చి, అది తిరిగి ఇచ్చే ప్రామిస్ నెరవేరిన తర్వాతే, అంటే ఫాంట్ లోడ్ అయ్యాకే, అక్షరాలు గీసే ఫిల్‌టెక్స్ట్‌ను పిలవండి. బోల్డ్‌కు వేరే ఫైలు ఉంటే దానినీ ఇలాగే విడిగా లోడ్ చేయాలి.

ఇక రెండో సమస్య: ఫాంట్ స్ట్రింగ్‌లో బోల్డ్ అన్న మాటను మీరు కోట్స్‌లోని ఫాంట్ పేరు తర్వాత పెట్టారు. అది పరిమాణానికి ముందు రావాలి. స్ట్రింగ్ చెల్లకపోతే క్యాన్వాస్ ఎర్రర్ ఏదీ చూపకుండా పాత విలువనే ఉంచుకుంటుంది (నా దృష్టిలో ఇది చాలా ఇబ్బందికరమైన పద్ధతి). కాబట్టి విలువ ఇచ్చిన వెంటనే ఫాంట్ ప్రాపర్టీని బ్రౌజర్ కన్సోల్‌లో (కోడ్ సందేశాలు కనిపించే చోట) ముద్రించి చూడండి. అక్కడ క్యాన్వాస్ డిఫాల్ట్ విలువైన 10 పిక్సెళ్ల శాన్స్ సెరిఫ్ కనిపిస్తే, మధ్యలో ఎక్కడో క్యాన్వాస్ వెడల్పునో ఎత్తునో మార్చడం వల్ల సెట్టింగులన్నీ రీసెట్ అయి ఉండవచ్చు.