బఫెలోలో మొదటిసారి వింగ్స్ తినబోయే మనవాళ్ళకి

ఆగస్టు వచ్చిందంటే ఇక్కడి యూనివర్సిటీలో చేరడానికి మన పిల్లలు దిగుతారు. రెండు వారాల్లో అపార్ట్‌మెంటు, సిమ్ కార్డు, బ్యాంకు అకౌంటు అన్నీ కుదురుతాయి, ఆ తర్వాత నాకు వచ్చే ఫోన్లలో ఒకటి మాత్రం ప్రతి ఏడూ ఒకేలా ఉంటుంది. "అన్నా, ల్యాబ్‌లో వాళ్ళు శుక్రవారం సాయంత్రం వింగ్స్‌కి రమ్మంటున్నారు, అది బార్ అంట, వెళ్ళొచ్చా? అసలు బఫెలో వింగ్స్ అంటే గేదె మాంసమా?"

గేదె కాదు. బఫెలో ఈ ఊరి పేరు, న్యూయార్క్ రాష్ట్రంలో ఈరీ సరస్సు ఒడ్డున ఉన్న ఊరు, ఇక్కడ పుట్టిన కోడి రెక్కల వేపుడు కాబట్టి ఆ పేరు. 2006లో వచ్చినప్పుడు నాకూ తెలియదు, ఎవర్నైనా అడగడానికి మొహమాటపడి మూడు నెలలు పిలిచినవాళ్ళకల్లా ఏదో సాకు చెప్పి తప్పించుకున్నాను. మీరు అలా చేయకండి. రమ్మన్నారంటే వెళ్ళండి. ఈ ఊళ్ళో "పద, వింగ్స్ తిందాం" అనడమంటే మన దగ్గర "రా, టీ తాగుదాం" అన్నట్టే, మందు తాగమని కాదు.

మన ఇళ్ళల్లో రెక్కలంటే కూరలో మెడతో, కార్జంతో పాటు పడే ముక్కలు, వాటి కోసం ఎవరూ ప్రత్యేకంగా షాపుకి వెళ్ళరు. ఇక్కడా ఒకప్పుడు అంతే, సూపు కాచుకోవడానికి వాడేవాళ్ళు. 1964లో మెయిన్ స్ట్రీట్‌లోని యాంకర్ బార్‌లో టెరెసా బెల్లిసిమో అనే ఆవిడ వాటిని నూనెలో వేయించి, కారం సాస్‌లో కలిపి పెట్టిందని ఊరంతా చెప్పుకుంటారు. అదే కాలంలో జాన్ యంగ్ అనే నల్లజాతి వ్యాపారి రెక్కని కోయకుండా, పిండి పట్టించి వేయించి, మంబో సాస్ అని వేరే సాస్‌తో అమ్మేవాడు, ఆయన పేరు చాలాకాలం ఎవరూ పెద్దగా తలవలేదు. ఇద్దరి గురించీ తెలుసుకుని వెళ్ళండి. పక్కన కూర్చున్న ఊరి పెద్దాయన్ని ఇందులో ఏది మొదటిదని అడిగితే చాలు, గంటసేపు మాట్లాడతాడు. 1977లో నగరపాలకులు జూలై 29ని చికెన్ వింగ్ రోజుగా ప్రకటించారు, అంత ప్రేమ వీళ్ళకి.

ఇక అసలు చెప్పాలనుకున్నది నూనె సంగతి. ఇది దయచేసి శ్రద్ధగా చదవండి, ముఖ్యంగా శాకాహారులు, బీఫ్ ముట్టనివాళ్ళు.

నేను వచ్చిన రెండో ఏడు నా రూమ్మేట్ ఒకడు ఉండేవాడు, రాజమండ్రి వైపు నుంచి వచ్చినవాడు, పుట్టిన దగ్గర్నుంచి గుడ్డు కూడా ముట్టని ఇంటి పిల్లాడు. నలుగురం ఒక చోటికి వెళ్ళాం, మేం వింగ్స్ చెప్పాం, వాడు ఫ్రెంచ్ ఫ్రైస్ చెప్పుకున్నాడు, బంగాళాదుంపే కదా అని నేనే ధైర్యం చెప్పాను. ఫ్రైస్ వచ్చాయి, వేడివేడిగా, వాడు ఇష్టంగా తింటున్నాడు. సగం అయ్యాక గిన్నె అడుగున బంగాళాదుంప ముక్కల మధ్య గోరంత చికెన్ స్కిన్ ముక్క, నల్లగా మాడిపోయి, వాడి వేలికి అంటుకుంది. వాడు నన్ను ఒక్క మాట అనలేదు, చెయ్యి కడుక్కుని వచ్చి మేం తినడం అయ్యేదాకా కూర్చున్నాడు, ఆ రాత్రి మాత్రం అన్నం తినలేదు. ఇన్నేళ్ళయినా ఆ చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చోవడం నాకు కళ్ళ ముందు కనిపిస్తుంది. తప్పు ఆ హోటల్ వాళ్ళది కాదు, ఎవరూ అడగలేదు, వాళ్ళు చెప్పలేదు. అడగాల్సింది నేను.

చిన్న చిన్న బార్లలో ఫ్రయ్యర్లు, అంటే నూనె కాచి వేయించే తొట్లు, ఒకటో రెండో ఉంటాయి. వింగ్స్, చేప, ఫ్రైస్, ఉల్లిపాయ రింగులు, చీజ్ స్టిక్స్ అన్నీ అదే నూనెలో మునిగి లేస్తాయి. మెనూలో కాలిఫ్లవర్ వింగ్స్ అని కనిపించి ఆశ పుడుతుంది, అదీ అందులోనే. ఇంకో సంగతి, కొన్ని చోట్ల వాడేది అసలు నూనే కాదు, ఆవు కొవ్వు, దాన్ని బీఫ్ టాలో అనో బీఫ్ షార్టెనింగ్ అనో అంటారు, దేశమంతా బ్రాంచీలున్న చైన్లలో కూడా ఇది ఉంది. చికెన్ తింటాను గానీ బీఫ్ ముట్టను అనేవాళ్ళు మనలో ఎంతమందో, వాళ్ళకి ఇది తెలియకపోవడం నాకు బాధగా ఉంటుంది. అందుకని ఆర్డర్ చెప్పకముందే రెండు ప్రశ్నలు అడగండి: "వాట్ ఆయిల్ డూ యు ఫ్రై ఇన్? ఈజ్ దేర్ ఎ సెపరేట్ ఫ్రయ్యర్ ఫర్ ద ఫ్రైస్?" సర్వర్‌కి తెలియకపోతే కిచెన్‌లోకి వెళ్ళి కనుక్కుని వస్తారు. ఇక్కడ అలెర్జీలున్నవాళ్ళు రోజూ అడిగే ప్రశ్నే ఇది, మిమ్మల్ని ఎవరూ వింతగా చూడరు. సరైన జవాబు రాకపోతే శాకాహారులు సలాడ్, లేదా ఓవెన్‌లో కాల్చిన చీజ్ పిజ్జా చెప్పుకోండి. సలాడ్ మీద బేకన్, అంటే పంది మాంసం, ముక్కలు చల్లుతారు, వద్దని ముందే చెప్పండి.

హలాల్ తినేవాళ్ళకి మామూలు బార్లలో దొరకదు. ఈస్ట్ సైడ్‌లో బంగ్లాదేశ్ వాళ్ళు, పక్క ఊరు లాకవానాలో యెమెన్ వాళ్ళు చాలామంది ఉంటారు, ఆ వైపు పిజ్జా షాపుల్లో హలాల్ వింగ్స్ దొరుకుతాయి, మందు వాసన కూడా ఉండదు.

లోపలికి వెళ్ళడానికి టెన్షన్ పడేవాళ్ళు ఉన్నారు. తలుపు దగ్గర ఆగమని బోర్డు ఉంటే ఆగండి, వచ్చి కూర్చోబెడతారు, బోర్డు లేకపోతే మీరే ఖాళీ టేబుల్ చూసుకోవచ్చు. బార్ కౌంటర్ దగ్గర ఎత్తు కుర్చీలకి ఎవరి అనుమతీ అక్కర్లేదు. భోజనం పెట్టే బార్ అయితే 21 ఏళ్ళు నిండకపోయినా వెళ్ళి తినొచ్చు, మందు మాత్రం ఇవ్వరు. రాత్రి బాగా పొద్దుపోయాక కొన్ని చోట్ల తలుపు దగ్గరే వయసు చూస్తారు. మన ఇండియా డ్రైవింగ్ లైసెన్సు చాలామంది ఒప్పుకోరు, అలాగని ఒరిజినల్ పాస్‌పోర్టు జేబులో వేసుకుని వెళ్ళకండి, పోతే మన కాన్సులేట్ న్యూయార్క్ సిటీలో ఉంది, ఆరేడు గంటల డ్రైవ్. లైసెన్సులు ఇచ్చే డీఎంవీ ఆఫీసుకి వెళ్ళి, కారు లేకపోయినా సరే, నాన్ డ్రైవర్ ఐడీ ఒకటి చేయించుకోండి, అన్నిచోట్లా పనికొస్తుంది.

ఆర్డర్ విషయానికొస్తే, సింగిల్ అంటే పది ముక్కలు, డబుల్ అంటే ఇరవై. మొదటిసారి ఇద్దరికి ఒక సింగిల్ చాలు. కారం ఎంత అని అడుగుతారు: మైల్డ్, మీడియం, హాట్, ఆ పైన ఇంకా. మనం గుంటూరు కారం తిన్నవాళ్ళం, ఇదెంత అనుకుని నేరుగా హాట్ చెప్పకండి. కారం తట్టుకోలేరని కాదు, ఈ కారం నడిచే దారి వేరు. మన కూరలో కారం నూనెలో, ఉల్లిపాయలో, అల్లం వెల్లుల్లిలో మగ్గి వస్తుంది. ఇది కాయెన్ మిరప సాస్, దాన్నిండా వెనిగర్, అందులో వెన్న కరిగించి కలుపుతారు, వెన్న ఎక్కువైతే మైల్డ్, సాస్ ఎక్కువైతే హాట్. ప్లేటు ముందుకి రాగానే ఆ పులుపు ఆవిరి ముక్కులోకి పోయి పొలమారుతుంది, నాలుక కంటే ముందు గొంతు మండుతుంది. పైగా చోటును బట్టి మారిపోతుంది, మీడియం అంటేనే హాట్ అని బోర్డు రాసి పెట్టుకున్న చోటు కూడా పక్కనే యామ్‌హర్స్ట్‌లో ఉంది. మీడియం చెప్పండి, "ఎక్స్‌ట్రా క్రిస్పీ" అని ఒక మాట కలపండి. ఇక్కడ వింగ్స్ స్కిన్‌తోనే వేయిస్తారు, పిండి పట్టించరు. మన చికెన్ షాపులో స్కిన్‌లెస్ కొట్టించుకుని అలవాటైనవాళ్ళకి మెత్తటి స్కిన్ నోట్లో జారితే అక్కడే మొహం మొత్తుతుంది. బాగా వేగిన స్కిన్ అప్పడంలా విరుగుతుంది, అసలు రుచంతా అందులోనే.

మసాలా లోపలికి పట్టలేదు, లోపల చప్పగా ఉంది అని అంటారు చాలామంది. నిజమే, వీళ్ళు ముందుగా నానబెట్టరు. అది లోపం అనుకుని పక్కన పెట్టకండి. ఇది సాస్‌తో, పక్కన నంజుకోవడానికి చిక్కటి చట్నీలా ఇచ్చే బ్లూ చీజ్‌తో కలిపి తినాల్సిన వేపుడు. బ్లూ చీజ్ వాసన మొదట నచ్చదు, కొంచెం నంజుకుని చూడండి, పెరుగు చేసే పని అది చేస్తుంది, మంట మంచినీళ్ళతో తగ్గదు, దీనితో తగ్గుతుంది. అస్సలు పడకపోతే రాంచ్ అనే ఇంకో తెల్లటి సాస్ అడగండి, ఈ ఊరివాళ్ళు కాస్త బాధపడతారు గానీ ఇస్తారు. సెలెరీ కాడలు కూడా పెడతారు, మధ్యమధ్యలో కొరికితే నోరు చల్లబడుతుంది.

ముక్కలు రెండు రకాలు. ఒకటి చిన్న లెగ్ పీస్‌లా ఉంటుంది, అది అందరికీ తెలిసిందే. రెండోది ఫ్లాట్, చదునుగా, లోపల రెండు ఎముకలు పక్కపక్కన. కొత్తవాళ్ళు దీన్ని వదిలేస్తారు, నాకైతే ఇదే ఇష్టం. నిలబెట్టి పట్టుకుని కింది చివర కీలు దగ్గర కొంచెం నొక్కితే రెండు ఎముకల మొనలు బయటికి వస్తాయి, సన్నదాన్ని పట్టుకుని మెల్లగా తిప్పండి, మాంసం తెగకుండా ఎముక ఒక్కటే జారి వస్తుంది. తర్వాత లావుది. చేతిలో మిగిలేది స్కిన్‌తో చుట్టిన మెత్తటి ముక్క, అలాగే చీజ్‌లో ముంచి ఒక్కసారిగా నోట్లో పెట్టుకోండి. ఫోర్కు ఎవరూ ముట్టరు, అందరూ చేతులతోనే, మోచేతుల దాకా సాస్, అక్కడ మన చెయ్యి ఇంట్లో ఉన్నంత హాయిగా ఉంటుంది. ఎముక దగ్గర ఎర్రగా కనిపిస్తే పచ్చిగా ఉందని భయపడకండి, లేత కోడి ఎముకల రంగు అలా దిగుతుంది. మాంసం మెరుస్తూ, లాగితే రబ్బరులా సాగితే మాత్రం వెనక్కి ఇచ్చేయండి, మారు మాట లేకుండా మార్చి ఇస్తారు.

పిల్లలున్నవాళ్ళు బోన్‌లెస్ చెబుతుంటారు. అవి రెక్కలు కావు, బ్రెస్ట్ ముక్కలకి పిండి పట్టించి వేయించినవి. అందులోనూ ఎముక రావచ్చు. ఒహాయోలో ఒకాయనకి గొంతులో ఎముక దిగి కోర్టుకెళ్తే, బోన్‌లెస్ అనేది వండే పద్ధతి పేరే గానీ ఎముక ఉండదన్న హామీ కాదని 2024లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు తేల్చింది. చిన్నపిల్లలకి విడదీసి చూసి పెట్టండి.

బిల్లు గురించి ఒక మాట. పద్దెనిమిది డాలర్ల వింగ్స్ అనుకోండి, ఇక్కడి పన్ను 8.75 శాతం, టిప్పు 20 శాతం, అంతా కలిపి 23 దాటుతుంది, ఆ లెక్క వేసుకునే కూర్చోండి. కార్డు ముందు గీస్తారు, ఆ తర్వాత కాగితం మీద టిప్పు, మొత్తం మీరు రాయాలి, అందుకే ఫోన్‌కి మొదట తక్కువ మొత్తం మెసేజ్ వచ్చి, రెండు రోజుల్లో మారుతుంది, మోసం కాదు. సర్వర్ల జీతం చాలావరకు టిప్పే, ఎగ్గొట్టకండి. ఇది అన్నగా చెబుతున్నా, మనవాళ్ళు టిప్పు ఇవ్వరన్న పేరు వస్తే మీ వెనక వచ్చే పిల్లలకి అది అంటుకుంటుంది.

తాగేవాళ్ళని వద్దనను, తాగి స్టీరింగ్ మాత్రం పట్టుకోకండి. న్యూయార్క్‌లో రక్తంలో ఆల్కహాల్ 0.08 శాతం ఉంటే డీడబ్ల్యూఐ, అంటే తాగి బండి నడిపిన కేసు, 0.05 దాటినా ఇంకో కేసు ఉంది. కోర్టులో శిక్ష పడకముందే, అరెస్టు ఒక్కదానితోనే వీసా రద్దు చేసే అధికారం అమెరికా ప్రభుత్వానికి ఉంది. చదువు ఇక్కడ సాగినా, ఇండియా వెళ్తే మళ్ళీ వీసా స్టాంపింగ్‌కి మెడికల్ పరీక్ష, నెలల తరబడి ఎదురుచూపు, ఒక చెల్లెలి పెళ్ళికి వెళ్ళలేక ఇక్కడే ఏడుస్తూ కూర్చున్న కుర్రాడిని నేను చూశాను. ఊబర్ పిలవండి, లేదా ఆరోజు ఒకరు లోగన్‌బెర్రీ తాగండి, ఈ ఊరి ప్రత్యేకమైన తియ్యటి పానకం, వింగ్స్‌లోకి బాగుంటుంది.

శనివారమో, కార్తీక మాసమో, మీరు ముట్టని రోజున పిలిస్తే రానని అనకండి, "ఈరోజు నేను మాంసం తినను, మీతో కూర్చుంటాను" అని ఉన్నది ఉన్నట్టు చెప్పండి, ఎందుకని వాళ్ళే అడుగుతారు. మొదటిసారి మాత్రం ఆదివారం ఈ ఊరి ఫుట్‌బాల్ జట్టు బిల్స్ ఆట ఉన్నప్పుడు వెళ్ళకండి, ఊపిరి సలపనంత జనం ఉంటారు, నూనె గురించి అడిగినా వినే తీరిక ఎవరికీ ఉండదు. మంగళవారమో బుధవారమో సాయంత్రం ఐదింటికి వెళ్ళండి, కిచెన్ ఖాళీగా ఉంటుంది, అడిగిన ప్రతిదానికీ నిలబడి జవాబు చెబుతారు. మిగిలినవి పార్సిల్ చేయించుకుంటే డబ్బా మూత కొంచెం తెరిచి పట్టుకెళ్ళండి, లేకపోతే ఇంటికి చేరేలోపు ఆవిరికి మెత్తబడిపోతాయి.