అమెరికాలో నల్లజాతివాళ్లు థెరపీకి వెళ్లకపోవడానికి నమ్మకం లేకపోవడమే కారణమా?

మీ ఆఫీసులో సెక్యూరిటీగా చేసే ఆవిడ కొడుకు, ఇరవై రెండేళ్ల కుర్రాడు, డిప్రెషన్‌లో ఉన్నాడని, ఆవిడేమో ఎక్కడా చూపించట్లేదని, "బ్లాక్ కమ్యూనిటీలో ఇలాంటివి నమ్మరు" అని ఎవరో చెప్పారని రాశారు. అది సగం కూడా నిజం కాదండీ. నేను జార్జియా రాష్ట్రంలో అట్లాంటాకు దక్షిణం వైపు ఒక కమ్యూనిటీ క్లినిక్‌లో సోషల్ వర్కర్‌ని, మా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఆఫ్రికన్ అమెరికన్లే. ఇష్టం లేక రానివాళ్లు లేరని అనను. కానీ రావాలనే ఉండి, ఫోన్ల మీద ఫోన్లు చేసి, విసిగిపోయి ఊరుకున్నవాళ్లే నాకు ఎక్కువ కనబడ్డారు.

ఎయిర్‌పోర్టులో క్లీనింగ్ పని చేసే ఒకావిడ తన ఇన్సూరెన్సు వాళ్లు పంపిన థెరపిస్టుల జాబితా ప్రింటు తీసి మా టేబుల్ మీద పెట్టింది. ఒక్కో పేరు పక్కన పెన్నుతో రాసుకుంది: నంబరు పనిచేయట్లేదు, కొత్తవాళ్లను తీసుకోవట్లేదు, మన ఇన్సూరెన్సు తీసుకోరు, మెసేజ్ పెట్టాను మళ్లీ చేయలేదు. అవన్నీ లంచ్ బ్రేకులో చేసిన ఫోన్లు. చివరికి ఒక చోట అపాయింట్‌మెంట్ దొరికింది, మంగళవారం మధ్యాహ్నం రెండింటికట. ఆ టైముకి వెళ్లాలంటే ఆ రోజు కూలి వదులుకోవాలి, పైగా రెండు బస్సులు మారాలి. వెళ్లలేదు. ఫైల్లో మాత్రం "పేషెంట్ రాలేదు" అని పడుతుంది, దాన్ని చూసి ఇంకెవరో వీళ్లకు శ్రద్ధ లేదంటారు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

ఆ "మళ్లీ చేయలేదు" అన్న మాట ఆవిడ ఊహ కూడా కాదు. న్యూయార్క్‌లో థెరపిస్టులకు వాయిస్ మెసేజ్‌లు పెట్టించి చూసిన ఒక అధ్యయనం 2016లో వచ్చింది. అందరిదీ ఒకే సమస్య, ఒకే ఇన్సూరెన్సు. గొంతును బట్టి మధ్యతరగతి తెల్లవాళ్లు అనిపించినవాళ్లలో 28 శాతం మందికి అపాయింట్‌మెంట్ ఇస్తామన్నారు, మధ్యతరగతి నల్లవాళ్లలో 17 శాతానికి. మాట తీరు కూలిపని చేసుకునేవాళ్లలా ఉంటే మాత్రం ఏ రంగువాళ్లకైనా 8 శాతమే. మీ సెక్యూరిటీ ఆవిడ ఫోన్ చేస్తే ఏ లెక్కలో పడుతుందో ఆలోచించండి.

ఇక మా జార్జియా సంగతి. పేదవాళ్ల ప్రభుత్వ ఇన్సూరెన్సు మెడికెయిడ్‌ను చాలా రాష్ట్రాలు ఇంకా ఎక్కువమందికి అందేలా పెంచుకున్నాయి, జార్జియా, అలబామా, మిసిసిపీ లాంటివి పూర్తిగా పెంచలేదు. ఈ రాష్ట్రాల్లో నల్లజాతి జనాభా బాగా ఎక్కువ. జార్జియాలో 2023 జూలైలో ఒక పథకం పెట్టారు గానీ, అందులో చేరాలంటే నెలకు 80 గంటలు పనో, చదువో, అలాంటిదేదో చేస్తున్నట్టు చూపించాలి. డిప్రెషన్‌తో మంచం దిగలేని కుర్రాడు 80 గంటలు ఎక్కడ్నించి తెస్తాడు?

అపనమ్మకం ఉంది, కాదనను. అది ఊరికే రాలేదు. అలబామాలోని టస్కీగీలో 1932 నుంచి 1972 దాకా, సిఫిలిస్ ఉన్న దాదాపు నాలుగు వందల మంది నల్లజాతి మగవాళ్లకు, పెన్సిలిన్ వచ్చాక కూడా వైద్యం అందకుండా చేసి, జబ్బు ఎలా ముదురుతుందో చూస్తూ కూర్చున్నది ప్రభుత్వ ఆరోగ్య శాఖే. ఆ మాట ఇక్కడి ఇళ్లలో ఇప్పటికీ వినిపిస్తుంది. పిల్లాడికి మనసు బాగోలేదని అత్యవసర నంబరు 911కి ఫోన్ చేస్తే పోలీసులు వస్తారు, వచ్చాక ఏమవుతుందో తెలియదు. 2020లో రోచెస్టర్‌లో డానియెల్ ప్రూడ్ కోసం అన్నే సాయం అడిగాడు, పోలీసులు పట్టుకున్నాక ఆ మనిషి బతకలేదు. అదే ఏడాది ఫిలడెల్ఫియాలో వాల్టర్ వాలెస్ విషయంలోనూ సాయం కోసం ఫోన్ చేసింది ఇంట్లోవాళ్లే, వచ్చిన పోలీసులు అతన్ని కాల్చి చంపారు. ఇవి తెలిసిన తల్లి ఫోన్ తీయడానికి జంకితే దాన్ని మూఢనమ్మకం అనకండి, దయచేసి.

సిగ్గు మన ఇళ్లలో మాత్రం తక్కువా? నలుగురికీ తెలిస్తే సంబంధాలు రావని దాచిపెట్టే తెలుగు కుటుంబాలు అట్లాంటా పక్కనున్న ఆల్ఫరెట్టాలో, కమింగ్‌లో ఎన్ని లేవు! అయినా కంపెనీ ఇన్సూరెన్సు ఉన్న మనవాడు గది తలుపేసుకుని వీడియోలో థెరపిస్టుతో మాట్లాడుకుని బయటపడగలడు. సిగ్గు ఇద్దరికీ ఉంది, దారి ఒక్కరికే ఉంది.

దారి ఉంటే వస్తారనడానికి పాత సాక్ష్యమే ఉంది. 1946లో న్యూయార్క్‌లో నల్లజాతివాళ్లు ఎక్కువగా ఉండే హార్లెమ్‌లో సెయింట్ ఫిలిప్స్ చర్చి నేలమాళిగలో లఫార్గ్ క్లినిక్ అని మొదలైంది. ఫ్రెడరిక్ వెర్తమ్ అనే సైకియాట్రిస్టు నడిపాడు, డాక్టర్లు జీతం లేకుండా పనిచేశారు, సాయంత్రాలు తెరిచేవాళ్లు, ఫీజు పావు డాలరు. అదీ లేకపోతే ఉచితం. జనం వచ్చారు, పదేళ్లకు పైగా నడిచింది. మా క్లినిక్‌లో కూడా సాయంత్రం స్లాట్లు పెట్టాక అవే ముందు నిండిపోతున్నాయి.

ఇప్పుడు మీరేం చేయొచ్చంటే, ముందు ఆవిడకు సలహా చెప్పకండి, ఇంతవరకు ఏం ప్రయత్నించిందో అడగండి. ఆదాయాన్ని బట్టి ఫీజు తగ్గించే కమ్యూనిటీ హెల్త్ సెంటర్లు ఉంటాయి, ఇన్సూరెన్సు లేకపోయినా చూస్తారు, మొదటి ఫోన్ అక్కడికే చేయించండి. నల్లజాతి థెరపిస్టు కావాలంటే "థెరపీ ఫర్ బ్లాక్ గర్ల్స్" వాళ్ల డైరెక్టరీ ఉంది, పేరు అలా ఉన్నా మగపిల్లలను చూసేవాళ్లు తెలిస్తే చెప్పమని అందులోని థెరపిస్టులనే అడగొచ్చు. అబ్బాయి చచ్చిపోతానంటే మాత్రం ఆగొద్దు, ఆత్మహత్య ఆలోచనలున్నవాళ్ల సాయానికి పెట్టిన 988 నంబరుకి ఫోన్ చేయండి. జార్జియాలో అయితే ఇంటికే వచ్చి చూసే మొబైల్ క్రైసిస్ టీమ్‌ను పంపమని అడగండి, ఇంట్లో ఆయుధం ఉంటే ముందే వేరేచోటికి మార్పించండి. అన్నిటికంటే, ఆవిడ బ్రేకులో మీరూ పక్కన కూర్చుని ఆ లిస్టులో సగం ఫోన్లు మీరు చేయండి. కారు ఉంటే మొదటి అపాయింట్‌మెంట్‌కి వాళ్లిద్దరినీ దింపి రండి. ఏ కౌంటీయో కామెంట్‌లో పెడితే దగ్గర్లో ఉన్న సెంటర్లేవో నేను చూసి చెప్తాను.