సూది తరువాతి అరగంట

ప్రశ్న: డాక్టర్ గారూ, మా కుక్క చుక్కకు పదమూడేళ్లు. కిడ్నీలు పాడయ్యాయని తెలిసి ఎనిమిది నెలలైంది. ఇప్పుడు వెనక కాళ్లు నిలవడం లేదు, తిన్నది వాంతి చేసుకుంటోంది. కారు ఎక్కిస్తే వణికిపోతుంది కాబట్టి ఇంటికే వచ్చి ఇంజెక్షన్ ఇస్తానని మా పశువైద్యుడు అన్నారు. మా వారు సరే అంటున్నారు. కానీ నేను ఆఫీసు నుంచి రాగానే చుక్క ఇంకా తోక ఊపుతుంది. తోక ఊపే ప్రాణాన్ని ఎలా తీయించమంటారు? ఆ రోజు ఏం జరుగుతుందో, మా తొమ్మిదేళ్ల బాబును దగ్గర ఉంచవచ్చో లేదో, తరువాత ఏం చేయాలో చెప్పండి.
— ఒక పాఠకురాలు

జవాబు: తోకను లెక్కలోకి తీసుకోకండమ్మా. ముప్ఫై ఏళ్లుగా చూస్తున్నాను, కుక్కలో అన్నిటికన్నా చివర అలిసిపోయేది అదే. మీరు వచ్చారన్న సంతోషం నిజమే. మీరు వచ్చేదాకా పగలంతా అది ఎలా గడిపిందన్నది వేరే సంగతి.

ఆ పగటిని ఎవరైనా గమనిస్తున్నారా? తిండి, నీళ్లు, నొప్పి, తనంతట తాను లేచి నాలుగడుగులు వేయడం, పడుకున్న చోటే తడిసిపోకుండా ఉండటం, ఇవి చూడండి. పెంపుడు జంతువుల క్యాన్సర్ వైద్యురాలు ఆలిస్ విల్లలోబోస్ 2004లో ఇలాంటి ఏడు అంశాలకు ఒక్కొక్కదానికి 0 నుంచి 10 దాకా మార్కులు వేసే పద్ధతి ఒకటి ఇచ్చారు. మొత్తం 35 దాటితే ఇంకా కొన్నాళ్లు చూడవచ్చని ఆమె లెక్క. నాకు మాత్రం మార్కులకన్నా క్యాలెండరు మీద నమ్మకం. రోజూ రాత్రి, మంచి రోజైతే ఒక గీత, చెడ్డ రోజైతే సున్నా. మీరూ మీవారూ వేరు వేరు క్యాలెండర్ల మీద, ఒకరిది ఒకరు చూడకుండా వేయండి. చుక్క ఉన్న స్థితికి వారం చాలు.

మా పిల్లికి ఇదే జబ్బు వచ్చినప్పుడు నేను ఏ క్యాలెండరూ పెట్టలేదు. వైద్యురాలిని కదా, నాకు తెలియకపోతుందా అనుకున్నాను. కిడ్నీలు వడకట్టని మలినాలు రక్తంలో పేరుకుంటే నోట్లో పుళ్లు పడతాయని ఎంతమందికి చెప్పి ఉంటానో. అది నీళ్ల గిన్నె మీద తల వంచి, నాలుక చాపలేక, అలాగే నిలబడి ఉండటం మూడు రోజులు చూశాను. నాలుగో రోజు తోటి డాక్టరును పిలిచాను. ఆ మూడు రోజులు నేను దానికి ఇప్పటికీ బాకీ.

ఇక ఆ రోజు సంగతి. రెండు ఇంజెక్షన్లు ఉంటాయి. మొదటిది చర్మం కిందనో కండకో ఇచ్చే మత్తు. పది, పదిహేను నిమిషాల్లో గాఢంగా నిద్రపోతుంది. కొన్నిటికి ఈ దశలో వాంతి అవుతుంది, కంగారు పడవద్దు. చుక్కతో చెప్పుకోవలసిన మాటలేమైనా ఉంటే ఈ మత్తుకు ముందే చెప్పుకోండి.

రెండోది నరానికి. సాధారణంగా వాడేది పెంటోబార్బిటాల్. ఒకప్పుడు మనుషులకు నిద్రమందుగా ఇచ్చినదే, ఇక్కడ మోతాదు చాలా ఎక్కువ. క్షణాల్లో స్పృహ పోతుంది, తరువాత ఊపిరి, తరువాత గుండె, కొద్ది నిమిషాల్లో అన్నీ ఆగిపోతాయి. ఒంట్లో నీరు తగ్గిన ముసలి కుక్కకు నరం దొరకడం కష్టం. డాక్టరు ఒక కాలు వదిలి ఇంకో కాలు వెతికితే చేతకానివాడనుకోకండి. వెలుతురు బాగా ఉన్న చోట పడక వేయండి. ప్రశాంతంగా ఉంటుందని చాలామంది లైట్లు తగ్గిస్తారు. ఆ గుడ్డి వెలుగులో నరం వెతకడం ఏమిటో సూది పట్టినవారికే తెలుసు.

అందరూ ఆ సూది దాకా ఆలోచిస్తారు. తరువాతి అరగంట గురించి ఆలోచించరు. ఇళ్లలో నేను చూసిన గందరగోళమంతా ఆ అరగంటలోదే. ఒక ఇంట్లో నేను స్టెతస్కోపు తీసి "అయిపోయింది" అన్న కాసేపటికి కుక్క ఒక్కసారి ఛాతీ ఎగరేసి గాలి పీల్చింది. "బతికే ఉంది, బతికే ఉంది" అంటూ ఆ ఇంటాయన నా చెయ్యి పట్టుకున్నారు. ముందుగా చెప్పకపోవడం నా తప్పు. గుండె ఆగాక కూడా కండరాలు అలా ఒకటి రెండుసార్లు కదలవచ్చు. అప్పటికి దానికి ఏమీ తెలియదు. కళ్లు తెరిచే ఉంటాయి, మూసినా నిలవవు. మూత్రం, మలం జారవచ్చు, అందుకని పడక కింద తడి దిగని గుడ్డ, దాని మీద పాత తువ్వాలు ముందే పరచండి. కొన్ని గంటల్లో ఒళ్లు బిగుసుకుంటుంది కాబట్టి కాళ్లు మడిచి, తల వంచి, అది రోజూ పడుకునే తీరులో వెంటనే సర్దాలి. ఆలస్యమైతే పెట్టె మూత పడదు. బిగుసుకున్న కాళ్లను మడవడానికి ఇంట్లోవాళ్లు పెనుగులాడే పరిస్థితి ఎవరికీ రాకూడదు.

పూడ్చడమా, దహనమా అన్నది డాక్టరు గుమ్మం ఎక్కకముందే తేల్చుకోండి. మీ పెరట్లో పూడ్చవచ్చో లేదో స్థానిక అధికారులను అడగాలి. పూడ్చేటట్లయితే పైన కనీసం మూడడుగుల మట్టి పడేంత లోతుగా, బావికీ కాలువకూ దూరంగా, ప్లాస్టిక్ సంచిలో కాకుండా నూలు గుడ్డలో. లోతు ఎందుకంటే, ఆ మందు శవంలో చాలాకాలం చెడకుండా ఉంటుంది. పైపైన కప్పినదాన్ని తవ్వి తిన్న కుక్కలూ రాబందులూ ఆ విషానికే పోతాయి. దహనమైతే విడిగా చేస్తారా, మిగతావాటితో కలిపి చేస్తారా అని ఫోనులోనే అడగండి. కలిపి చేసేచోట అస్థికలు తిరిగి ఇవ్వరు. తీసుకెళ్లేవారు మరునాడుగానీ రాకపోతే చల్లని గదిలో ఉంచి, పొట్ట కింద గుడ్డలో చుట్టిన ఐసు పెట్టండి. మెడ దగ్గర నాలుగు వెంట్రుకలు కావాలనుకుంటే అప్పుడే కత్తిరించుకోండి. వారం తరువాత ఫోను చేసి నన్ను అడిగినవారున్నారు.

బాబు సంగతి. వాడు ఉంటానంటే ఉండనివ్వండి, మధ్యలో లేచి వెళ్లిపోయినా ఏమీ అనవద్దు. వాడి కోసమే ఒక పెద్దమనిషి ఉండాలి, ఆ మనిషి మీరు కాకూడదు, మీ చేతులు చుక్క మీద ఉంటాయి. "నిద్రపుచ్చుతున్నారు" అనకండి, రాత్రి పడుకోవడానికి వాడు భయపడతాడు. జబ్బు నయం కాదు, ఈ మందుతో చనిపోతుంది, నొప్పి ఉండదు అని చెప్పండి. ఆ చివరి ఊపిరి గురించి కూడా వాడికి ముందే చెప్పాలి.

ప్రశ్న: మా రెండు కుక్కల్లో పెద్దదాన్ని క్లినిక్‌లోనే పోగొట్టుకున్నాం, అటునుంచి అటే దహనానికి పంపేశాం. వారమైంది. చిన్నది గేటు దగ్గరే కూర్చుంటోంది, సగం తిండే తింటోంది. ఇంకో కుక్కపిల్లను తెస్తే తేరుకుంటుందా?
— మరొక పాఠకుడు

జవాబు: ఇప్పుడే వద్దండి. దిగులుగా ఉన్న కుక్క నెత్తిన అల్లరి పిల్లను రుద్దినట్లవుతుంది. నడక, తిండి వేళలు ఇదివరకటిలాగే ఉంచండి. తిండి పూర్తిగా మానేస్తే, లేదా ఇంకో వారానికీ ఇలాగే ఉంటే దిగులు అని సరిపెట్టుకోకుండా పరీక్ష చేయించండి, దానికీ ఏదైనా జబ్బు ఉండవచ్చు. ఇంటి దగ్గరే పోయిన వాటి విషయంలో, మిగిలినదాన్ని వచ్చి వాసన చూడనిమ్మని చెబుతుంటాను. కొన్ని మూతి ఆనించి పక్కనే పడుకుంటాయి, కొన్ని ఒకసారి చూసి వెళ్లిపోతాయి. మీకు ఆ అవకాశం దొరకలేదు. పెద్దదాని దుప్పటి ఉతికేశారా? ఉతకకపోతే అది పడుకునే మూలనే పరిచి ఉంచండి. చిన్నది దాని మీద పడుకుంటే పడుకోనివ్వండి, దులపడానికి కూడా తీయవద్దు.